సౌర విద్యుత్ రంగంలో కొలువు: ప్యానెల్ బిగించాక మొదలయ్యే పని

సౌర విద్యుత్ రంగంలో ఉద్యోగం అనగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల విద్యార్థుల్లో చాలామంది ఇళ్ల కప్పుల మీద ప్యానెళ్లు బిగించే పనినే ఊహించుకుంటారు. అది కొద్ది రోజుల్లో ముగిసిపోయే పని. ఆ తరువాత దాదాపు పాతికేళ్ల పాటు ఆ ప్యానెళ్ల నుంచి రావలసినంత విద్యుత్తు రాబట్టడం, ఉత్పత్తిని లెక్కగట్టి బ్యాంకు అప్పు తీర్చడం, మారుతూ పోయే ప్రభుత్వ నిబంధనలకు తగినట్లు కాగితాలు సిద్ధంగా ఉంచడం నిత్యం సాగవలసిన పనులు కనుక, నిలకడైన కొలువులు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

2010 జనవరిలో మొదలైన జాతీయ సోలార్ మిషన్ 2022 నాటికి 20,000 మెగావాట్ల స్థాపిత సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకోగా, 2015లో ఆ లక్ష్యాన్ని లక్ష మెగావాట్లకు పెంచారు. దేశం ఆ అంకెను దాటింది 2025 జనవరిలో. ఈలోగా కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు, రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే కేంద్రం వచ్చాయి. వేలంలో యూనిట్ ధర 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా పార్కుకు 2.44 రూపాయలకు, 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1.99 రూపాయలకు దిగివచ్చింది. ఈ తగ్గుదలకు ప్రధాన కారణం చైనాలో భారీగా పెరిగిన ఉత్పత్తి. ప్యానెల్ తయారీలోని ప్రతి దశలోనూ ఆ దేశం వాటా 80 శాతం మించిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో లెక్కగట్టింది. దీనికి విరుగుడుగా భారత ప్రభుత్వం 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి ప్యానెళ్లపై 40 శాతం సుంకం విధించడమే కాక, ఆమోదిత నమూనాల జాబితాను, ఉత్పత్తితో ముడిపడిన ప్రోత్సాహకాలను కూడా తెచ్చింది. రంగారెడ్డి జిల్లాలో ప్రీమియర్ ఎనర్జీస్ వంటి కర్మాగారాల విస్తరణకు ఈ విధానాలు ఊతమిచ్చాయి. అయితే విధానం మీద నిలిచిన పరిశ్రమ విధానం మారితే కుదుపునకు లోనవుతుంది కనుక, తయారీ రంగంలో చేరేవారు ఎగుమతులపై పడే అమెరికా సుంకాల వార్తలను కూడా గమనించక తప్పదు.

ఇంటి కప్పుల విషయంలో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల వ్యవస్థకు 78,000 రూపాయల రాయితీ లభిస్తుంది. ప్యానెళ్లు దేశంలోనే తయారై ఉండాలి. రాయితీ సొమ్ము నెట్ మీటర్ బిగించిన తరువాత వినియోగదారుడి ఖాతాలో పడుతుంది. గ్రిడ్ నుంచి వాడుకున్న యూనిట్లను, గ్రిడ్‌కు పంపిన యూనిట్లను రెండింటినీ లెక్కించే మీటరే నెట్ మీటర్. దరఖాస్తు మొదలు మీటర్ వరకు నడిచే ఈ వ్యవహారంలో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయానికి, బ్యాంకుకు, ఇంటి యజమానికి మధ్య పని చక్కబెట్టగలిగిన మనిషి చిన్న పట్టణాల్లో దొరకడమే అరుదు. పొలాల సంగతి వేరు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఉన్నందున, సోలార్ పంపుసెట్టు మీద రైతుకు పెద్దగా ఆసక్తి ఉండదు. కానీ తన భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా కేంద్రం నెలకొల్పి విద్యుత్తు అమ్ముకునే వీలును పీఎం కుసుమ్ పథకంలోని తొలి విభాగం కల్పిస్తుంది.

ఆ విద్యుత్తు అమ్మకపు లెక్క తెలిసినవారికి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది. ఉదాహరణకు ఒక మెగావాట్ కేంద్రానికి 4 కోట్ల రూపాయల పెట్టుబడి, అందులో 70 శాతం అప్పు, యూనిట్‌కు 3 రూపాయల ధర అనుకుంటే, సామర్థ్య వినియోగ నిష్పత్తి, అనగా ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చే విద్యుత్తులో నిజంగా వచ్చిన వాటా, 19 శాతంగా ఉన్నప్పుడు ఏటా సుమారు 16.64 లక్షల యూనిట్లు, దాదాపు 50 లక్షల రూపాయలు వస్తాయి. 2.8 కోట్ల అప్పుపై వడ్డీ ఒక శాతం పెరిగితే తొలి ఏడాది 2.8 లక్షలు అదనంగా పోతాయి. దుమ్ము పేరుకుని ఉత్పత్తి 5 శాతం పడిపోయినా పోయేది దాదాపు అంతే, రెండున్నర లక్షలు. ప్యానెల్ కడిగే మనిషి పని, బ్యాంకుతో వడ్డీ బేరమాడే అకౌంటెంట్ పని ఒకే తూకంలో నిలుస్తున్నా, మొదటి పనికి చాలాచోట్ల కూలి లెక్కనే చెల్లించడం ఈ రంగం దూరదృష్టి లేమికి గుర్తు.

ప్యానెల్ కడిగే పని విలువ మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో స్పష్టమవుతుంది. పగలు నడిచే మిల్లు తన కప్పు మీది విద్యుత్తును తానే వాడుకుంటే, గ్రిడ్‌కు అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువే ఆదా అవుతుంది. కాని బాయిలర్‌లో ఊక మండించగా ఎగిరే బూడిద ఆ ప్యానెళ్ల మీదే వాలుతుంది. ఎండలకు పేరున్న ఈ ప్రాంతంలో, వేడి పెరిగితే విద్యుత్తూ పెరుగుతుందనే అపోహ కూడా ఉంది. విద్యుత్తునిచ్చేది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత వద్ద కొలుస్తారు. ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది కనుక, మే నెలలో సెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం దాకా నష్టపోవలసి వస్తుంది. పాత పెర్క్ రకం సెల్స్ స్థానంలోకి వస్తున్న టాప్‌కాన్ రకం సెల్స్‌లో ఈ నష్టం కొంత తక్కువ. పైగా వెలుతురు పడినంతసేపు ప్యానెల్‌ను ఆపడం సాధ్యం కాదు. వరుసగా కలిపిన ప్యానెళ్ల డీసీ వోల్టేజీ వందల్లో, పెద్ద కేంద్రాల్లో 1,500 దాకా ఉంటుంది. ఒక కనెక్టర్ వదులుగా నొక్కినా అక్కడ మెరుపు రగిలి మంటలు లేస్తాయి. ఇంటి వైరింగ్ అనుభవం ఒక్కటే ఇందుకు చాలదు.

ఇక ముందున్న మలుపు నిల్వది. మధ్యాహ్నం మిగిలే విద్యుత్తును సాయంత్రపు గిరాకీకి అందించేందుకు కొత్త టెండర్లు బ్యాటరీలను కోరుతున్నాయి. డిప్లొమా, బీటెక్ ఎలక్ట్రికల్ విద్యార్థులు బ్యాటరీ నియంత్రణ, ఉత్పత్తి అంచనా నేర్చుకోవడం మంచిది. బీకాం, ఎంబీఏ చదివేవారు విద్యుత్ కొనుగోలు ఒప్పందాన్ని చదివి, పైన చూపిన లెక్కను స్ప్రెడ్‌షీట్‌లో పాతికేళ్లకు పొడిగించగలిగితే బ్యాంకులలోను, ప్రాజెక్టు సంస్థలలోను అక్కరకు వస్తుంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్లకు, డిప్లొమా వారికి జాతీయ సౌరశక్తి సంస్థ ఆధ్వర్యంలో 2015లో మొదలైన సూర్యమిత్ర శిక్షణ ఉంది. 600 గంటల ఆ శిక్షణ ఉచితం కనుక, ప్రైవేటు శిక్షణ కేంద్రానికి రుసుము కట్టే ముందు దానిని గురించి విచారించాలి, వైర్‌మన్ పర్మిట్ లేనివారు ముందుగా ఆ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవాలి.