వీరం – హాస్యం

సాహస చిత్రాలలో పోరాటాల నడుమ నవ్వులు పూయించడం నేడు పుట్టిన పద్ధతి కాదు. దాని మూలాలు మన జానపద కళలలోనే ఉన్నాయి. కావలి పట్టణమున్న నెల్లూరు సీమ తోలుబొమ్మలాటకు పేరుపొందిన ప్రాంతం. ఆ ఆటలో రామరావణ యుద్ధం భీకరంగా సాగుతుండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెరపైకి వచ్చి ప్రేక్షకులను కడుపుబ్బ నవ్విస్తారు. రాత్రంతా సాగే ప్రదర్శనలో ఆ నవ్వు నిద్రమత్తును వదలగొడుతుంది. ఉత్కంఠతో బిగిసిన మనసుకు ఊరటనిస్తుంది. అయితే వారి హాస్యం కథకు వెలుపలే నిలుస్తుంది. యుద్ధ ఫలితాన్ని మార్చదు.

చలనచిత్రం ఈ హద్దును చెరిపివేసింది. అమెరికాలో బస్టర్ కీటన్ 1926లో 'ది జనరల్' చిత్రంలో రైలుబండి మీది సాహసాలనే నవ్వుల పంటగా మలిచాడు. తెలుగులో కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన 'పాతాళ భైరవి' 1951లో విడుదలైంది. అందులో మాంత్రికుని శక్తి అతని గడ్డంలో ఉంటుంది. తోటరాముని మిత్రుడు అంజి, మాంత్రికుని శిష్యుడైన సదాజపుని రూపంలో వెళ్లి, మాయమాటలతో ఆ గడ్డాన్ని తీయిస్తాడు. మనం నవ్వుతుండగానే మాంత్రికుడు బలహీనుడవుతాడు. ఆ తరువాతనే రామునికి గెలుపు లభిస్తుంది.

ఇక్కడ హాస్యమే ఆయుధమైంది. కథానాయకుని పక్కనుండే నవ్వులమారి మిత్రుణ్ణి తక్కువగా చూడరాదని, భుజబలం చాలనిచోట చమత్కారం దారి చూపుతుందని ఈ చిత్రం తెలుపుతుంది.