వైద్యునికి చికిత్స

ప్రశ్న: నేను మత్తు డాక్టరును. కొంతకాలంగా మత్తుమందైన ఫెంటనిల్‌కు నేనే అలవాటుపడ్డాను. చికిత్సకు పోతే గుట్టు బయటపడదా?

జవాబు: మీ భయము సహజమే గాని, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మాదకద్రవ్యముల దుర్వినియోగముతో ముడివడిన మనఃస్థితులను సైతము మానసిక రుగ్మతలలో చేర్చి, పరులకు హాని నివారించుట వంటి కొన్ని సందర్భములు మినహా, రోగి వివరములను గోప్యముగా నుంచు బాధ్యతను చికిత్సకులపై మోపినది. కావున మీ ఆసుపత్రిలో గాక, పరిచయస్థులు లేని వేరొక ఊరి మానసిక వైద్యుని ఆశ్రయింపుడు. వెంటనే ఆపరేషన్ థియేటరు విధులనుండి తప్పుకొనుడు, ఇందు బేరమునకు తావు లేదు. మందు చేతికందు చోటనే యుండి మానుదు ననుట వైద్యులు తమకు తాము చెప్పుకొను కల్ల. కొన్నాళ్లు మాని, మరల మునుపటి మోతాదే తీసికొన్నచో ఊపిరియే ఆగవచ్చును. ఈ రాత్రియే ఎవరితోనైన మాటాడవలె ననిపించినచో, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఉచితముగా ఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును.