ఆ హీలియాన్ని ఏ సీసాలో పట్టారు మాస్టారూ?

గుంటూరు చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో 33 ఏళ్లు సైన్సు చెప్పాను. ఇప్పుడు నాకు 78 నడుస్తోంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ శనివారం ఆఖరి పీరియడు క్విజ్‌కు కేటాయించేవాణ్ణి. సైన్సు, చరిత్ర, డబ్బు లెక్కలు, ఏదైనా సరే, పిల్లలు నోరు తెరిచి వినేలా ఉంటే చాలు, ఏరి తెచ్చి చెప్పేవాణ్ణి. ఆ శనివారాలు పిల్లలకెంత నేర్పాయో తెలియదు గానీ నాకు మాత్రం చాలా నేర్పాయి. వాటిలో కొన్ని ఇవి.

1. వింత చెబితే, ఎలా తెలిసిందో కూడా చెప్పాలి

"హీలియం మన గుంటూరులోనే కనుక్కున్నారు" అని ఏళ్ల తరబడి గర్వంగా చెప్పాను. ఒక శనివారం ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "ఆ హీలియాన్ని ఏ సీసాలో పట్టారు మాస్టారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. సోమవారం చెబుతానన్నాను. పుస్తకాలు తిరగేసి నిజంగా చెప్పగలిగేసరికి నెల పట్టింది.

జరిగింది ఇదీ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ దారి మన కోస్తా మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ గుంటూరు వచ్చి వర్ణపటదర్శిని బిగించుకుని కూర్చున్నాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. గుంటూరులో పూర్తి గ్రహణం ఆరు నిమిషాలు కూడా లేదు. ఆ కాసేపట్లో సూర్యుడి అంచున ఎగిసే ఎర్రని జ్వాలల వెలుగును విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడితో మెరిసే వాయువులన్న మాట. గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు మామూలు ఎండలోనే చూశాడు. ఆయన గుంటూరులో సాధించింది అది. అంతకుముందు ఆ జ్వాలల కోసం గ్రహణం దాకా ఆగాల్సిందే. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే పనిని గ్రహణంతో నిమిత్తం లేకుండా అక్టోబరు 20న చేశాడు. ఇద్దరి కబురూ ప్యారిస్ అకాడమీలో ఒకే రోజు చదివారు. ఫ్రాన్సు ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం ముద్రించింది.

మరి హీలియం? ఆ గీతల్లో పసుపుపచ్చది ఒకటి ఉంది. అందరూ సోడియమే అనుకున్నారు. పొయ్యి మంట మీద చిటికెడు ఉప్పు చల్లితే భగ్గుమనే పసుపు సోడియానిదే కాబట్టి అలా అనుకోవడంలో తప్పులేదు. కానీ లాకియర్ జాగ్రత్తగా కొలిచి చూస్తే అది సోడియం గీతలు ఉండాల్సిన చోటుకు కాస్త పక్కగా ఉంది. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ ఆ చోట గీత లేదు. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టారు. చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు నమ్మలేదు. 27 ఏళ్ల తర్వాత, 1895లో, లండన్‌లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే పసుపు గీత చూశాడు. సీసాలో పట్టింది అప్పుడు.

ఆ పిల్లకు ఇదంతా చెప్పాను. నేను చెప్పిన పాత వాక్యం కంటే ఈ కథ ఎంత గొప్పదో చూడండి. భూమ్మీద ఎవరూ ముట్టుకోని పదార్థానికి, కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిన ఒక గీతను చూసి పేరు పెట్టారు! గుంటూరు వాటా ఇందులో కొంచెమూ తగ్గలేదు, సరైన చోట కూర్చుంది, అంతే.

2. పేరున్న ఊరు వేరు, పని జరిగిన ఊరు వేరు

గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరకలేదు. అక్కడ కోట ఉంది, వ్యాపారం ఉండేది, సుల్తాను ఖజానా ఉండేది. గనులు కృష్ణ ఒడ్డున పల్నాడు వంటి చోట్ల ఉండేవి. 17వ శతాబ్దంలో కొల్లూరు గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ ఆడా మగా పిల్లా మేకా కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. 1720ల్లో బ్రెజిల్లో వజ్రాలు బయటపడేదాకా లోకంలోని వజ్రాలు దాదాపు అన్నీ మన దేశం నుంచే వెళ్లాయి. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. అరవై వేలమందిలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. వాళ్లు తవ్విన రాళ్లకు మాత్రం పేర్లున్నాయి. నాకిది ఇప్పటికీ బాధే.

  

3. చెయ్యి చాపినవాణ్ణి మరిచిపోకండి

1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో మలేరియా క్రిమిని చూశాడు. క్రిమిని మనిషి నెత్తుట్లో మొదట చూసింది ఆయన కాదు, 1880లో అల్జీరియాలో లావెరాన్. అది దోమ లోపలికి చేరి అక్కడ పెరుగుతుందని చూసింది రాస్. ఇద్దరికీ నోబెల్ వచ్చింది, రాస్‌కు 1902లో, లావెరాన్‌కు 1907లో.

ఆ దోమలు తాగిన నెత్తురు మాత్రం హుసేన్ ఖాన్ అనే రోగిది. జ్వరంతో ఉన్న మనిషి, దోమకు అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్నాడు. ఆ పేరును రాస్ రాసిపెట్టాడు, అందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి. క్విజ్‌లో నేను రాస్ పేరుకు ఒక మార్కు, హుసేన్ ఖాన్ పేరుకు రెండు మార్కులు ఇచ్చేవాణ్ణి.

4. నోట్లో నానే మాటల్లోనే లెక్క ఉంటుంది

"అణా అంటే ఎంత మాస్టారూ?" అని ఆ క్లాసులోనే అడిగారు. రూపాయిలో పదహారో వంతు. పావలా నాలుగణాలు, బేడ రెండణాలు. పదహారంటే వ్యాపారికి ఎందుకంత ఇష్టమో తక్కెడ పట్టినవాడికి తెలుసు. సగం చేస్తూ పోతే 8, 4, 2, 1, ఎక్కడా భిన్నం రాదు. వందను రెండుసార్లు సగం చేయగానే 25 దగ్గర ఆగిపోతాం.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు నాకు పదేళ్లు. మా నాన్నగారిది చిల్లర కొట్టు. అణాకు లెక్క ప్రకారం ఆరుంపావు పైసలు రావాలి, పావు పైసా నాణెం లేదు కాబట్టి ఆరు కట్టారు. అణా సరుకు పదహారుసార్లు అమ్మితే పాత లెక్కలో రూపాయి, కొత్త లెక్కలో 96 పైసలు. ఆ నాలుగు పైసలు ఎటు పోయాయో అర్థంకాక రాత్రంతా మథనపడ్డాను. లెక్కలంటే ఇష్టం అప్పుడే మొదలైంది. పావలా నాణెం 2011 జూన్ ఆఖరుతో చెల్లకుండా పోయింది. పావలా వడ్డీ అనే మాట మాత్రం చెల్లుతూనే ఉంది.

5. అంకె వినగానే ఎన్నేళ్లని అడగండి

మా అక్క పెళ్లికి నాన్నగారు వెయ్యి రూపాయలు తెచ్చారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు రెండు, ఏడాదికి 24. ప్రోనోటుకు మూడేళ్లే గడువు కాబట్టి మూడేళ్లకు అసలూ వడ్డీ కలిపి నోటు తిరగరాయాలి. వెయ్యి 1,720 అయింది. మళ్లీ మూడేళ్లకు తిరగరాస్తే 2,958. ఆరేళ్లలో అప్పు మూడింతలకు దగ్గరపడింది. అప్పిచ్చినవాడు దగా చేయలేదు, లెక్క అంతే. మా ఇంట్లో ఎవరికీ ఆ లెక్క ముందుగా వేసుకోవడం రాలేదు. అందుకే ప్రతి బ్యాచికీ ఒక చిట్కా నేర్పాను: 72ను ఏడాది వడ్డీతో భాగిస్తే, చక్రవడ్డీ మీద డబ్బు రెట్టింపయ్యే ఏళ్లు సుమారుగా వస్తాయి. 24కు మూడేళ్లు, 6కు పన్నెండేళ్లు.

ఇదే చిట్కాతో నిజాం డబ్బు చూద్దాం. 1948 సెప్టెంబరులో హైదరాబాదు నిజాం ఖాతా నుంచి లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదికి పది లక్షల పౌండ్ల పైచిలుకు బదిలీ అయింది. ఎవరిదన్న తగాదా 71 ఏళ్లు నడిచింది. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు అది భారతదేశానికీ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పు చెప్పేనాటికి మూడున్నర కోట్ల పౌండ్లయింది. పేపర్లు "35 రెట్లు!" అని రాశాయి. మనం లెక్క వేద్దాం. ఒకటి రెండై, నాలుగై, ఎనిమిదై, పదహారై, 32 అయింది. అయిదుసార్లు రెట్టింపు. ఒక్కోదానికి పద్నాలుగేళ్లు. 72ను 14తో భాగిస్తే అయిదు చిల్లర. అంటే ఏడాదికి దాదాపు అయిదు శాతం వడ్డీ, అంతే! పైగా ఆ 71 ఏళ్లలో బ్రిటన్‌లో ధరలు కూడా ఇంచుమించు అన్ని రెట్లే పెరిగాయి. ఆనాడు ఆ డబ్బు ఎంత సరుకు కొనేదో, 2019లోనూ దాదాపు అంతే కొంటుంది.

6. ఫోనుకు వచ్చిన వింతను ఒక పూట ఆపండి

చైనా గోడ అంతరిక్షం నుంచి కంటికి కనిపిస్తుందని నేనూ చెప్పాను. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవెయ్ వెళ్లి వచ్చి, తనకు కనిపించలేదన్నాడు. ఆయన చైనావాడే, చూడాలని కోరుకున్నవాడే. నా పాత విద్యార్థులు ఇప్పటికీ నాకు ఆ గోడ కబురు పంపుతుంటారు. తప్పు నాది కాబట్టి ప్రతిసారీ ఫోన్ చేసి దిద్దుతున్నాను.

చదివే అమ్మానాన్నలకూ, తాతలకూ ఒక మనవి. వచ్చే ఆగస్టు 18 రాత్రి వంటింట్లో లైటు ఆపండి. పిల్లల్ని కాస్త దూరంగా నిలబెట్టి, మీ చేత్తోనే పొయ్యి మంట మీద చిటికెడు ఉప్పు చల్లండి. ఆ పసుపు చూపించి, దాని పక్కనే ఇంకో పసుపు గీత ఎలా దొరికిందో చెప్పండి. రెండు రోజులు ఆగితే ఆగస్టు 20. ఆ రోజు హుసేన్ ఖాన్ గురించి చెప్పండి.