ఒకే విగ్రహం - ఎన్నో ఫొటోలు

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ అనే పెద్ద చెరువు ఉంది. చెరువు నడుమ ఒక బండ ఉంది. ఆ బండ మీద బుద్ధుని విగ్రహం నిలబడి ఉంది. విగ్రహం ఎత్తు సుమారు 58 అడుగులు. అంటే దాదాపు ఐదంతస్తుల మేడంత ఎత్తు! అంత విగ్రహమూ ఒకే రాయి. భువనగిరి దగ్గర రాయగిరిలో ఆ తెల్లటి గ్రానైటు రాయి దొరికింది. గణపతి స్థపతి అనే శిల్పి, ఆయనతో పాటు ఎందరో పనివాళ్ళు కలిసి దాన్ని చెక్కారు.

రోజూ ఎంతోమంది ఈ విగ్రహాన్ని ఫొటో తీస్తారు. విగ్రహం ఒక్కటే. కాని ఏ ఇద్దరి ఫొటోలూ ఒకేలా ఉండవు. ఎందుకని?

వెలుగు ఎటు ఉంది?

ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు సెల్‌ఫోనులో రెండు ఫొటోలు చూస్తున్నారు.

"ఒకటి తెల్ల బుద్ధుడు, ఒకటి నల్ల బుద్ధుడు. చెరువులో రెండు విగ్రహాలున్నాయా బిడ్డా?" అంది అత్త.

"లేదత్తమ్మా. రెండూ ఒకటే. తెల్లగా ఉన్నది పొద్దున తీసింది. నల్లగా ఉన్నది పొద్దుగూకేటప్పుడు తీసింది" అంది కోడలు.

కోడలు చెప్పింది నిజమే. చెరువుకు తూర్పు వైపున ట్యాంక్‌బండ్ ఉంది. పొద్దున అక్కడ నిలబడితే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు. ఎండ విగ్రహం మీద పడుతుంది. బట్ట మడతలు కూడా తెలుస్తాయి. సాయంత్రం సూర్యుడు విగ్రహం అవతలికి పోతాడు. అప్పుడు మనవైపు వెలుగు పడదు. విగ్రహం నీడబొమ్మలా నల్లగా వస్తుంది. వెనక ఆకాశం మాత్రం ఎర్రగా మెరుస్తుంది.

ఇది మన ఇంట్లో కూడా చూస్తాం. పట్టపగలు గుమ్మంలో ఎవరైనా నిలబడితే, లోపల ఉన్నవాళ్ళకు వాళ్ళ ముఖం చీకటిగా కనిపిస్తుంది. వెలుగు వెనక ఉంది కాబట్టి.

ఎక్కడ నిలబడ్డాం?

పడవెక్కి విగ్రహం దగ్గరికి పోవచ్చు. పాదాల దగ్గర నిలబడి, తల పైకెత్తి ఫొటో తీస్తే పాదాలు పెద్దగా, తల చిన్నగా వస్తాయి. విగ్రహం ఆకాశాన్ని తాకుతున్నట్టు ఉంటుంది. గట్టు మీద నుంచి తీస్తే అదే విగ్రహం వేలంత కనిపిస్తుంది.

కొందరు సరదాకి కెమెరా ముందు అరచెయ్యి చాపుతారు. బుద్ధుడు వాళ్ళ అరచేతిలో నిలబడ్డట్టు ఫొటో వస్తుంది. ఇందులో మాయ లేదు. దగ్గర ఉన్నది పెద్దగా, దూరాన ఉన్నది చిన్నగా కనిపిస్తుంది. కంటికి అడ్డంగా వేలు పెట్టుకుంటే కొండ కూడా దాగిపోదా?

ఏది ఉంచాం? ఏది వదిలేశాం?

బుద్ధుని కుడి చెయ్యి పైకెత్తి ఉంటుంది. "భయపడకు" అని దాని అర్థం. ఒకరు ఆ చెయ్యి మాత్రమే ఫొటో తీస్తారు. ఒకరు నీళ్ళలో కనిపించే తలకిందుల బొమ్మను తీస్తారు. ఇంకొకరు చెరువంతా తీసి, విగ్రహాన్ని ఒక మూలన చిన్నగా ఉంచుతారు. అప్పుడు బుద్ధుడు ఒంటరిగా ఉన్నట్టు అనిపిస్తుంది.

రాత్రిపూట ఇంకో ప్రయోగం చేస్తారు. కెమెరాను కదలకుండా స్టాండు మీద పెడతారు. వెలుగు లోపలికి పోయే దారిని కొన్ని సెకన్లు తెరిచి ఉంచుతారు. అప్పుడు అలలు కలిసిపోయి నీళ్ళు పాలమీగడలా నున్నగా వస్తాయి. కదిలే పడవ దీపం ఒక గీతలా వస్తుంది. కదలని విగ్రహం మాత్రం స్పష్టంగా ఉంటుంది.

ఫొటోలో కనిపించనిది

1990 మార్చి 10న ఈ విగ్రహాన్ని పెద్ద పడవ మీద బండ దగ్గరికి తీసుకుపోతున్నారు. దారిలో పడవ ఒరిగింది. విగ్రహం నీళ్ళలో మునిగిపోయింది. పనివాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళకు పైగా విగ్రహం చెరువు అడుగునే ఉంది. చివరికి బయటికి తీసి, 1992 డిసెంబరు 1న బండ మీద నిలబెట్టారు.

ఈనాటి ఫొటోలో ఆ కష్టం కనిపించదు. ఆ పనివాళ్ళు కనిపించరు. అలాగని ఫొటో అబద్ధం చెప్పిందా? లేదు. తన నాలుగు అంచుల మధ్య ఉన్నదే చూపించింది. అంచుల బయట ఉన్నది మనమే అడిగి తెలుసుకోవాలి.

ఫొటోను కూడా చదవాలి

ఇళ్ళ స్థలాలు అమ్మేవాళ్ళు ఫొటో చూపిస్తారు. అందులో వెడల్పాటి రోడ్డు, పచ్చని చెట్లు ఉంటాయి. పక్కనే ఉన్న మురికి కాలువ అంచు బయట ఉండిపోవచ్చు. పెళ్ళి సంబంధానికి ఫొటో పంపుతారు. అది పదేళ్ళ కిందటిది కావచ్చు. ఈ రోజుల్లో అసలు లేనిదాన్ని కూడా కంప్యూటరు ఫొటోలాగా తయారుచేస్తుంది.

అందుకే ఏ ఫొటో చూసినా నాలుగు మాటలు అడగాలి.

1. ఎవరు తీశారు?
2. ఎప్పుడు తీశారు?
3. ఎక్కడ నిలబడి తీశారు?
4. దేన్ని వదిలేశారు?

కాగితం చదవకుండా వేలిముద్ర వేస్తే మోసపోతాం. ఫొటోను చదవకుండా నమ్మినా అంతే.

చేసి చూడండి

ఒకప్పుడు కెమెరాలో రీలు వేసేవారు. ఒక రీలుకు 36 ఫొటోలే వచ్చేవి. ఫొటో పాడైతే డబ్బు దండగ. చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు ఫొటోలో నిలబడేవారే కాని, కెమెరా పట్టుకునేవారు కాదు. ఇప్పుడు సెల్‌ఫోనులో ఎన్ని తీసినా ఖర్చు లేదు. బాగా రాకపోతే తీసేసి మళ్ళీ తీయవచ్చు. భయమెందుకు?

మీ ఊళ్ళో అంబేద్కర్ విగ్రహమో, గాంధీ విగ్రహమో ఉందా? లేకపోతే బొడ్రాయి అయినా సరే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫొటో తీయండి. ఒకటి దగ్గర నుంచి, ఒకటి దూరం నుంచి తీయండి. ఫోను లేనివాళ్ళు రెండు చేతుల వేళ్ళతో చట్రం కట్టి, అందులోంచి చూడండి.

తర్వాత అందరూ కలిసి కూర్చోండి. ఎవరికి ఏం కనిపించిందో చెప్పుకోండి. మీ ఫొటో గురించి మూడు వాక్యాలు మీరే రాయండి.