పెరటిలోని వడ్రంగి పిట్ట



ప్రభువు కొండమీద బోధించినప్పుడు ఆకాశపక్షులను చూడుడని చెప్పెను (మత్తయి 6వ అధ్యాయము). మనమైతే చింతింపకూడదన్న బోధను పట్టుకొని, చూడుడన్న మాటను దాటిపోవుచున్నాము. మేమును అట్లే చేసితిమి. మా పెరటిలో తల విరిగి ఎండిన కొబ్బరి మ్రానొకటి యున్నది. వంటచెరకునకై దానిని కొట్టింపబోయిన దినముననే పైనుండి టకటకమని చప్పుడు వినబడెను.

వడ్రంగి పిట్ట! వీపు బంగారు వన్నె, తలమీద ఎఱ్ఱని కుచ్చు. మగదానికి నొసటినుండియు ఎఱుపే. ఆడుదానికి నొసలు నలుపు, దానిపై తెల్లని చుక్కలు. కట్టెలు కొట్టు పెద్దాయన, “ఆ పిట్ట చెట్లను చంపునండి, తోలివేయుడి” అనెను. అది పొరపాటు. పుచ్చిన మ్రానులోని పురుగులను, చీమలను తినుటకే అది వచ్చును. గూడు తొలుచుకొనుటకును మెత్తబడిన మ్రానునే వెదకును.

ఆ దినమున మేము పని మాని చూచుచు నిలిచితిమి. దాని కాలివ్రేళ్లు రెండు ముందుకు, రెండు వెనుకకు ఉండును. బిరుసైన తోకను మ్రానుకు ఊతగా ఆనించి నిలువునా ప్రాకును. నాలుక ముక్కుకంటె ఎంతో పొడవు; దాని మూలము తల వెనుకనుండి నడినెత్తిమీదుగా చుట్టుకొని వచ్చును. అంత గట్టిగా పొడిచినను తల ఏల పగులదు? ముక్కునకును పుఱ్ఱెకును నడుమ దూదివంటి మెత్త యున్నదని చాలకాలము చెప్పిరి. 2022లో శాస్త్రజ్ఞులు ఈ జాతి పక్షుల చలనచిత్రములు తీసి పరీక్షింపగా, తల గట్టి సుత్తివలెనే పనిచేయునని తేలినది. మెదడు మిక్కిలి చిన్నదగుటచేత దానికి హాని కలుగదట. సుత్తికి దిండు కట్టుకొను వడ్రంగి యెక్కడనైన ఉండునా?

మ్రాను నిలిచినది గాని మాకు కట్టెలు కొనవలసివచ్చెను. ఇంటిలో కొంత సణుగుడు లేకపోలేదు. అయినను తొఱ్ఱలోనికి ఆలుమగలు వంతులవారీగా వచ్చిపోవుట చూచి, సణిగినవారే ఉదయమున కాఫీలోటాతో పెరటి గుమ్మమున కూర్చుండిరి.

పిల్లలు ఎగిరిపోయిన పిమ్మట పెద్దాయనను మరల పిలిపించితిమి. ఆయన గొడ్డలి భుజముననుండి దింపకయే తలయెత్తి చూచెను. ఖాళీయైన ఆ తొఱ్ఱలోనికి గోరువంకల జత గడ్డిపరకలు మోయుచుండెను. “వచ్చే యేడు కబురు పెట్టండి” అని నవ్వుచు వెళ్లిపోయెను.