గాయపడిన కాలేయం

అనకాపల్లి పేరు చెప్పగానే బెల్లం గుర్తుకు వస్తుంది. ఆ బెల్లమే ఊటగా పులిసి బట్టీకెక్కితే నాటుసారా అవుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో ఉధృతమైన మహిళోద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషిద్ధమైంది. ఆ తల్లులు పోరాడినది కూలి డబ్బు కోసం, సంసారం కోసం. వాటితోపాటు ఎందరి కాలేయాలో కూడా దక్కాయి.

పేగులలో ఇంకినదానిలో చాలాభాగం రక్తంతో కలిసి మొదట చేరేది కాలేయానికే. కనుక విషపు దెబ్బ కూడా ముందుగా దానికే తగులుతుంది. అయితే తిరిగి పెరిగే శక్తి ఈ అవయవానికి అపారం. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞులు ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసివేయగా, మిగిలిన భాగం కొద్ది వారాలలోనే దాదాపు పూర్వపు బరువుకు పెరిగింది. కాని కత్తి గాయం వేరు, విషపు గాయం వేరు. కోసిన ముక్క బయటికి పోతుంది. విషానికి చచ్చిన కణాలు ఉన్నచోటనే పడి ఉంటాయి. ముందు వాటిని ఎత్తివేయాలి. ఆ పని రోగనిరోధక వ్యవస్థది.

జ్వరానికి వాడే పారాసెటమాల్‌నే తీసుకొందాం. మోతాదు మితిమీరితే దాని నుండి కాలేయంలోనే ఒక విషపదార్థం పుడుతుంది. దానిని అణచే గ్లూటాథయోన్ నిల్వలు తరిగిపోగానే కణాలు చనిపోవడం మొదలవుతుంది. వాటి నుండి వెలువడే అపాయసూచనలను కాలేయంలో కాపురముండే కుప్ఫర్ కణాలు గ్రహిస్తాయి. రక్తం నుండి న్యూట్రోఫిల్‌లు, మోనోసైట్‌లు తరలివస్తాయి. మోనోసైట్‌లు భక్షకకణాలుగా మారి మృతకణాలను మింగివేస్తాయి. ఆ తరువాత జరిగేది మరింత విచిత్రం. భక్షకకణాలు తమ స్వభావం మార్చుకొని మంటను చల్లార్చి, కొత్త కణాల పుట్టుకకు తోడ్పడతాయి. పాతగోడ పడగొట్టిన కూలీయే కొత్తగోడకు ఇటుకలందించినట్లన్నమాట! రక్షకకణాలు పంపే సందేశాలలో ఇంటర్‌ల్యూకిన్-6 ముఖ్యమైనది. అది లోపించిన ఎలుకలలో కాలేయం సరిగా పెరగలేదని 1996లో ప్రయోగపూర్వకంగా తేలింది.

మద్యం విషయంలో ఈ క్రమం తప్పుతుంది. నిత్యం తాగేవారిలో పేగుల గోడ సడలి, సూక్ష్మజీవుల విషాలు కాలేయానికి చేరుతుంటాయి. కుప్ఫర్ కణాలకు విశ్రాంతి ఉండదు. మంట చల్లారదు. నక్షత్రకణాలు నారపదార్థాన్ని పేర్చుకుంటూ పోగా, మెత్తని కాలేయం గట్టిపడి సిర్రోసిస్‌కు దారితీస్తుంది.

కామెర్లు రాగానే పసరు మందుకు పరుగెత్తడం మన పల్లెలలో పాత అలవాటు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. కాలేయం చేసుకొన్న పనికి పేరు పసరుకు దక్కుతుంది. మందు వికటించినప్పుడు మాత్రం ఈ ఆలస్యం ప్రాణాంతకం. పారాసెటమాల్‌కు విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ మొదటి ఎనిమిది గంటలలో ఇస్తేనే ఎక్కువగా పనిచేస్తుంది.

కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1940వ దశకంలో ఆ ఆమ్లాన్ని వేరుచేసింది కాలేయం నుండే. అతిగా తాగేవారి దేహంలో తరచుగా కొరవడేదీ అదే.