స్మారకమునొద్ద కుటుంబ చిత్రము

మన యిండ్ల గోడలకు వ్రేలాడు ఛాయాచిత్రములను మనము నిత్యము చూచుచుందుము. పెండ్లినాటి చిత్రము, తీర్థయాత్రలో తీయించుకొన్న చిత్రము, పసిపాపకు అన్నప్రాశనము జరిగిననాటి చిత్రము - ఇవియన్నియు సంతోషమునకు గురుతులు. యుద్ధములో ప్రాణములర్పించిన వారి స్మారకమునొద్ద తీసికొను చిత్రము ఇట్టిది కాదు. అచ్చట మనతో పాటు మరియొకరును ఉందురు. వారు కంటికి కనబడరు. వారి పేరు మాత్రము రాతిపై నుండును. ఆ పేరునకు చిత్రములో తగిన చోటిచ్చుటయే మనము నేర్వవలసిన మొదటి విషయము.

న్యూఢిల్లీలో ఇండియా గేటు చెంత జాతీయ యుద్ధ స్మారకము కలదు. ఇది 2019 ఫిబ్రవరి 25వ తేదీన ప్రారంభింపబడినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప దేశరక్షణకై అసువులు బాసిన సైనికులకు ఇది అంకితము. చక్రవ్యూహమును తలపించునట్లు దీనిని నాలుగు వలయములుగా నిర్మించిరి. నడుమ నున్నది అమర చక్రము. అందు 15.5 మీటర్ల ఎత్తుగల స్తంభమును, దాని మొదట ఆరని జ్యోతియు కలవు. దానిని చుట్టియున్నది వీరతా చక్రము. ఇందు ఆరు కంచు శిల్పఫలకములు యుద్ధఘట్టములను కన్నులకు గట్టును. తరువాతిది త్యాగ చక్రము. అన్నిటికిని వెలుపల రక్షక చక్రము. ఇందలి చెట్లు సరిహద్దులను కాచు సైనికులకు సంకేతములు.

కుటుంబములు వెదకుకొనుచు వచ్చునది త్యాగ చక్రమునకే. అచ్చటి గోడలలో ఒక్కొక్క సైనికునకు ఒక్కొక్క గ్రానైటు ఫలకము కలదు. దానిపై బంగారు వన్నె అక్షరములతో అతని పేరు చెక్కబడియున్నది. ప్రారంభము నాటికే అట్టి పేర్లు 25,942. 2020 జూన్ 15వ తేదీన గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు పేరును పిదప అందు చేరినది.

ఒక కుటుంబము మన సీమనుండి అచ్చటికి వెళ్లినదనుకొందము. 1971 నాటి యుద్ధమునకు పోయి తిరిగిరాని సైనికుని చెల్లెలు ఆ యింటి నాయనమ్మ. ఆమె కొడుకును, కోడలును, మనుమలును వెంట నున్నారు. గోడ కనబడగానే అందరును దానిముందు వరుసగా నిలిచిరి. దూరమునుండి ఎవరో చిత్రము తీసిరి. ఇంటికి వచ్చి చూచుకొనగా ముఖములన్నియు చక్కగనే వచ్చినవి. పేరు మాత్రము కొడుకు భుజము వెనుక మరుగుపడినది! ఏ పేరు కొరకు అంత దూరము పోయిరో ఆ పేరే చిత్రములో లేదు. నాయనమ్మ మరల అంత ప్రయాణము చేయగలదా?

కావున ముందుగా కెమెరాను సంచిలోనే ఉంచవలెను. పేరును వెదకి, చదివి, నాయనమ్మను ఆ ఫలకము చెంతకు చేర్చవలెను. ఆమె కన్నులు తుడుచుకొనువరకు వేచియుండవలెను. పిదపనే చిత్రము మాట.

పేరునకు ముందు గాక ప్రక్కగా నిలువవలెను. ఒక ప్రక్క నాయనమ్మ, మరియొక ప్రక్క మనుమడు, నడుమ పేరు; మిగిలినవారు వారికి అటునిటు. పేరు క్రింది వరుసలో నున్నచో చిత్రము తీయువారు మోకాళ్లపై కూర్చుండి కెమెరాను ఆ యెత్తునకు తేవలెను. నునుపైన రాయి అద్దమువంటిది; సూటిగా ఎదుట నిలిచి తీసినచో తీయువారి నీడయే అక్షరములపై పడును. కొంచెము ఏటవాలుగా నిలిచిన ఈ దోషము తొలగును. మిట్టమధ్యాహ్నపు టెండ కన్నులక్రింద నల్లని నీడలు పరచును. ఉదయముగాని సాయంకాలముగాని మేలు.

స్తంభము కూడ కనబడవలెనన్నచో దాని మొదట నిలువరాదు. అట్లు నిలిచినచో మనుష్యులు చీమలవలె కనబడుదురు. కుటుంబము కెమెరాకు దగ్గరగా ఒక ప్రక్క నిలువవలెను. స్తంభము దూరమున రెండవ ప్రక్క నిండుగా కనబడవలెను. అది ఎవరి తలమీదనో మొలచినట్లుండకుండ చూచుకొనవలెను.

అందరును కెమెరావైపే చూడవలెనను నియమము లేదు. నాయనమ్మ పేరును చూచుచుండగా, మనుమడు నాయనమ్మను చూచుచుండగా తీసిన చిత్రము ఎంతయో చెప్పును. లేని దుఃఖమును నటింపనక్కరలేదు. వేళాకోళపు భంగిమలును తగవు. ప్రక్క ఫలకమునొద్ద మరియొక తల్లి విలపించుచుండవచ్చును. ఆమెను మన చిత్రములోనికి ఈడ్చుట తప్పు. అచ్చటి కావలివారి నియమములను పాటించుట మన విధి.

ఇల్లు చేరిన పిదప చిత్రమును అచ్చు వేయించి, వెనుకవైపు సైనికుని పేరు, అతడు మనకేమగునో ఆ వరుస, చిత్రము తీసిన తేదీ వ్రాయవలెను. ఏండ్లు గడచిన పిమ్మట ఆ యింట పుట్టిన బిడ్డ చిత్రములోని అక్షరములను కూడబలుకుకొని "ఈయన ఎవరు?" అని అడుగును. "మీ నాయనమ్మకు అన్నగారు, నీకు తాత" యని పెద్దలు చెప్పుదురు. రాతిపై నున్న పేరు ఆ దినమున మరల ఇంటికి వచ్చును.